మనిషిని కదిలించేది ఏది? వ్యక్తిత్వ రకాలు, ప్రేరణలపై ఒక సమీక్ష

అనకాపల్లి జిల్లా మాకవరపాలెం మండలంలో చెరకు, వరి, జీడిమామిడి నమ్ముకున్న ఇళ్ల నుంచి ఇవాళ ఇంజినీరింగ్ చదివే పిల్లలు వస్తున్నారు. మండలంలోనే ఇంజినీరింగ్ కళాశాల ఉంది. అనకాపల్లి, విశాఖపట్నం వెళ్లి చదివేవాళ్లూ ఉన్నారు. ఆఖరి సంవత్సరంలో ఉద్యోగాల వేట మొదలయ్యాక వీళ్లలో చాలామందికి ఒక కొత్త రకం పరీక్ష ఎదురవుతుంది. దానికి సిలబస్ ఉండదు, తప్పొప్పులు ఉండవంటారు. నలుగురిలో ఉంటే మీకు హుషారా, ఒంటరిగా ఉంటే నెమ్మదా? ముందే అనుకున్న ప్రకారం పని చేస్తారా, అప్పటికప్పుడు తోచినట్టు చేస్తారా? ఇలాంటివి కొన్ని పదులు అడిగి, చివర నాలుగు అక్షరాలో, ఒక అంకో, ఒక రంగో చూపించి ‘మీరు ఫలానా రకం మనిషి’ అని తేల్చేస్తుంది.

కంప్యూటర్ రాకముందు ఈ పని ఇంట్లో పెద్దవాళ్లే చేసేవారు. ఇప్పటికీ చేస్తున్నారు. ‘మావాడిది మెతక స్వభావం, వ్యాపారానికి పనికిరాడు.’ ‘ఈ పిల్లకు నోరెక్కువ, వకీలు కావలసిందే.’ వాడు నిజంగా మెతకో కాదో తేలకముందే చదువు, కొలువు, ఒక్కోసారి పెళ్లి కూడా ఆ మాట మీదే నిర్ణయమైపోతాయి.

ఇందులో రెండు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి. మనుషుల్లో నిజంగా రకాలున్నాయా అన్నది ఒకటి. ఒక మనిషిని పనికి పురిగొల్పేది ఏమిటన్నది రెండోది. మొదటిదానికి జవాబు దొరికితే రెండోది దానంతటదే తెలిసిపోతుందని చాలామంది నమ్మకం. నూరేళ్ల పరిశోధనను, అందులోనూ తెలుగునేల మీదే జరిగిన రెండు ముఖ్యమైన ప్రయోగాలను దగ్గర పెట్టుకుని చూస్తే ఆ నమ్మకం నిలవదు. స్వభావాల్లో తేడాలు నిజం, గట్టి గోడలున్న రకాలు మాత్రం నిజం కాదు. మనిషిని కదిలించే శక్తి అతని స్వభావంలో ఎంత ఉందో, అతని చేతికి అందిన అవకాశంలో, చుట్టూ ఉన్న మనుషుల్లో అంత ఉంది. పైగా అది నేర్పితే పెరుగుతుంది.

పాత వర్గీకరణల్లో ఉన్న జ్ఞానం

మనుషులను వర్గాలుగా చూడడం మనకు కొత్త కాదు. చరక, సుశ్రుత సంహితలు వాత, పిత్త, కఫ ప్రకృతులను చెప్పాయి. అక్కడ కూడా ఒకే దోషం ప్రధానంగా ఉన్నవారితోపాటు రెండేసి కలిసినవారు, మూడూ సమంగా ఉన్నవారు ఉన్నారు. గ్రీకు వైద్యం శరీరంలోని నాలుగు రసాలను బట్టి నాలుగు స్వభావాలను చెప్పింది. హిపోక్రటీస్ సంప్రదాయంలో మొదలైన ఈ ఆలోచనను గేలన్ విస్తరించాడు. ఐరోపాలో శతాబ్దాలపాటు ఇదే నడిచింది.

భగవద్గీతలోని త్రిగుణాలను కూడా మనం ఈ జాబితాలోనే వేస్తాం. ‘ఆయన సాత్వికుడు, ఈయన రాజసుడు’ అని మనుషులకు ముద్రలు వేస్తాం. గీత చేసింది అంతకంటే సూక్ష్మమైన పని. 14వ అధ్యాయం ప్రకారం మూడు గుణాలూ అందరిలో ఉంటాయి, ఒకటి తక్కిన రెంటినీ అణచి పైకి వస్తుంటుంది. 17వ అధ్యాయం దానాన్ని తీసుకుని, ఇవ్వడం ధర్మమని ఇచ్చేది, తిరిగి ఏదో వస్తుందని ఇచ్చేది, తగని చోట చులకనగా విసిరేది అంటూ మూడుగా విడదీస్తుంది. చేసిన పని ఒకటే, దాని వెనక ఉన్న ఉద్దేశం వేరు. మనిషి ఏ రకమని కాక, ఈ పని దేనికోసం చేస్తున్నాడని అడగడం ఇది. ఆధునిక ప్రేరణ శాస్త్రం చాలా తిరిగి చేరిన చోటు కూడా ఇదే.

2013లో హిందీలో మనుషుల స్వభావాలను వర్ణించే మాటలను పోగుచేసి భారతీయ, ఐరోపా పరిశోధకులు కలిసి విశ్లేషించారు. వాళ్లకు కనిపించిన ప్రధాన దిశలు సాత్విక, రాజస, తామస భావాలకు దగ్గరగా ఉన్నాయి. పాతవాళ్ల చూపు ఉత్త ఊహ కాదనడానికి ఇదొక ఆధారం.

నాలుగు అక్షరాలు, తొమ్మిది అంకెలు

ఇవాళ కళాశాలల్లో, కంపెనీల్లో తిరుగుతున్న రకాల పరీక్షలకు మూలపురుషుడు స్విట్జర్లాండ్‌కు చెందిన కార్ల్ యుంగ్. 1921లో వచ్చిన ఆయన పుస్తకంతోనే అంతర్ముఖుడు, బహిర్ముఖుడు అన్న విభజన లోకానికెక్కింది. అచ్చంగా అంతర్ముఖుడో, అచ్చంగా బహిర్ముఖుడో అయిన మనిషి ఉండడని హెచ్చరించింది కూడా యుంగే. అమెరికాలో కాథరిన్ బ్రిగ్స్, ఆమె కూతురు ఇసబెల్ మయర్స్ ఈ ఆలోచనను ప్రశ్నపత్రంగా మలిచారు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో రూపుదిద్దుకున్న ఈ ఎంబీటీఐ మనుషులను 16 రకాలుగా విడదీస్తుంది. తల్లీకూతుళ్లిద్దరూ మనస్తత్వశాస్త్రంలో శిక్షణ పొందినవారు కారు. తమకు సరిపడే పని దొరికితే మనుషులు సుఖపడతారన్నది వాళ్ల ఆశయం.

ఆశయం మంచిదే, లోపం కొలతలో ఉంది. వేల మందిని పరీక్షించి మార్కులను గీత మీద పెడితే అంతర్ముఖులు ఒక గుట్టగా, బహిర్ముఖులు మరో గుట్టగా కనబడాలి. అలా కనబడరు. ఎక్కువమంది నట్టనడుమ ఉంటారు. నడిమధ్య గీత గీసి ఇటువాళ్లు ఒక రకం, అటువాళ్లు మరో రకం అంటే, గీతకు ఆనుకుని చెరోవైపు ఉన్న ఇద్దరు ఒకరికొకరు దగ్గరగా ఉండి కూడా వేర్వేరు పేర్లు మోయాలి. కొన్ని వారాల తర్వాత మళ్లీ పరీక్ష రాసిన చాలామందికి ఒక అక్షరమైనా మారడానికి కారణం ఇదే. ఉద్యోగానికి మనుషులను వడగట్టడానికి ఈ పరీక్షను వాడకూడదని దాన్ని నడిపే సంస్థే చెబుతోంది. ఆ మాట మాత్రం మన దాకా వచ్చినట్టు లేదు.

ఎనియాగ్రామ్ తీరు వేరు. ఆస్కార్ ఇచాసో, క్లాడియో నరాంజోల చేతుల్లో 1960, 70లలో రూపుకట్టిన ఈ పద్ధతి మనిషిని 9 అంకెల్లో ఒకదానికి చేరుస్తుంది. పైకి కనిపించే నడవడికను పక్కన పెట్టి, లోపల ఏ భయం తరుముతోంది, ఏ కోరిక లాగుతోంది అని అడగడం దీని విశేషం. ప్రశ్న విలువైనది. జవాబులు సరిగ్గా తొమ్మిదే ఎందుకుండాలి అన్నదానికి మాత్రం గట్టి రుజువు లేదు.

అయినా ఇవి చదివినప్పుడు ‘అచ్చం నా గురించే రాశారు’ అని ఎందుకనిపిస్తుంది? 1948లో అమెరికాలో బెర్‌ట్రమ్ ఫోరర్ తన విద్యార్థులకు ఒక పరీక్ష పెట్టి, వారం తర్వాత ఎవరి ఫలితాన్ని వారికి విడిగా ఇచ్చాడు. అది మీకు ఎంత సరిపోయిందో 5కు మార్కులు వేయమన్నాడు. సగటు 4.26 వచ్చింది. తీరా చూస్తే 39 మంది చేతిలోనూ ఉన్నది ఒకే కాగితం! చాలా వాక్యాలు ఒక జ్యోతిషం పుస్తకంలోంచి ఏరినవి. పదిమంది మెప్పు కావాలనుంటుంది, లోపల బెంగ ఉన్నా పైకి నిబ్బరంగా కనిపిస్తారు అంటే కాదనేవారెవరు? వారఫలాలకు ఉన్న ఆకర్షణే రకాల పరీక్షలకూ ఉంది. అందుకని ‘నాకు సరిగ్గా సరిపోయింది’ అన్న అనుభూతి రుజువు కిందికి రాదు.

రకాలు పోయి కొలతలు వచ్చాయి

శాస్త్రజ్ఞులు ఇంకో దారి పట్టారు. ఒక సమాజానికి ముఖ్యమైన తేడాలకు దాని భాషలో మాటలు పుట్టే ఉంటాయన్న ఊహతో 1936లో గోర్డన్ ఆల్‌పోర్ట్, హెన్రీ ఓడ్‌బర్ట్ ఇంగ్లిష్ నిఘంటువులోంచి మనుషులను వర్ణించే మాటలు దాదాపు 18,000 ఏరారు. తర్వాతి దశాబ్దాల్లో వాటిని వడగడుతూ పోతే అయిదు పెద్ద దిశలు తేలాయి. కొత్తదనం మీద ఆసక్తి, పనిలో శ్రద్ధ, బహిర్ముఖత, సౌమ్యత, ఆందోళన. ‘బిగ్ ఫైవ్’ అనేది వీటినే. ఇందులో ఎవరికీ రకం పేరు లేదు. బరువు, ఎత్తు లాగే అయిదూ అందరికీ ఉంటాయి, కాస్త ఎక్కువ తక్కువల తేడా.

ఈ కొలతలకు నిలబడే బలం ఉంది. 1991లో ముర్రే బారిక్, మైకేల్ మౌంట్ చాలా అధ్యయనాలను కలిపి చూస్తే, దాదాపు అన్ని రకాల ఉద్యోగాల్లోనూ పనితీరుతో ముడిపడిన లక్షణం పనిలో శ్రద్ధే అని తేలింది. కవలల అధ్యయనాలు మనుషుల మధ్య స్వభావంలో కనిపించే తేడాల్లో సుమారు 40 నుంచి 50 శాతం వారసత్వానికి చెందుతుందంటున్నాయి. అంటే దాదాపు సగం మిగతావాటిదే. ఇరవైల నుంచి నలభైల దాకా చాలామందిలో శ్రద్ధ పెరుగుతుంది, ఆందోళన తగ్గుతుంది. ఇరవై ఏళ్ల కుర్రాడి స్వభావాన్ని జీవితకాలపు ముద్రగా చూడకూడదని చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి?

2018లో 15 లక్షల మంది జవాబులను విశ్లేషించిన ఒక బృందం ఈ అయిదు దిశల ఆకాశంలో నాలుగుచోట్ల మనుషులు కాస్త దట్టంగా ఉన్నారని కనిపెట్టింది. పత్రికలు ‘నాలుగే రకాల మనుషులు’ అని రాశాయి. పరిశోధకులు చెప్పింది అది కాదు. జనం కొంచెం ఒత్తుగా ఉన్న చోట్లు అవి, ఎవరినీ పెట్టి మూసే పెట్టెలు కావు.

మన పల్లెల దాకా వచ్చేసరికి ఈ కొలత కూడా తడబడుతుంది. 2019లో రాషిద్ లాజాజ్, కారెన్ మాకూర్స్, వాళ్ల సహచరులు 23 దేశాల్లోని 29 సర్వేలను, దాదాపు 95,000 మంది జవాబులను పరిశీలించారు. పేద, మధ్యాదాయ దేశాల్లో ఇంటింటికీ వెళ్లి అడిగినప్పుడు ఈ ప్రశ్నలు కొలవాల్సినదాన్ని చాలాచోట్ల కొలవడం లేదని తేల్చారు. కారణాల్లో ఒకటి మనకు ఇట్టే అర్థమవుతుంది. కాగితాలు పట్టుకుని ఎవరో ఆఫీసు మనిషి గుమ్మంలోకి వస్తే, ఇంటి యజమాని మర్యాదకు ‘అవునండి’ అంటాడు. ‘మీరు కొత్తవాళ్లతో ఇట్టే కలిసిపోతారా?’ అవునండి. కాసేపటికి, ‘కొత్తవాళ్ల దగ్గర మొహమాటపడతారా?’ అవునండి. రెండు జవాబులూ కాగితం మీదికి ఎక్కుతాయి. వచ్చే అంకె ఆ రైతు స్వభావాన్ని చెప్పదు, సర్వేకు వచ్చినవాడి ముందు ఆయన పాటించిన మర్యాదను చెబుతుంది.

ఈ సందర్భంలో గురజాడను తలచుకోవాలి. ఆయన పుట్టిన ఎస్.రాయవరం మన అనకాపల్లి జిల్లాలోనిదే. ‘కన్యాశుల్కం’లో గిరీశాన్ని ఏ రకంలో వేస్తాం? అగ్నిహోత్రావధానుల ఇంట్లో ఒక మనిషి, బుచ్చమ్మ ముందు ఇంకో మనిషి, సౌజన్యారావు పంతులు దగ్గర మరో మనిషి. ఎదుటివాడిని బట్టి మాట, వేషం, సిద్ధాంతం అన్నీ మారతాయి. మారనిది ఒకటే, తన పబ్బం గడవాలన్న తాపత్రయం. నడవడికను చూసి రకం చెబితే మూడుసార్లు పొరబడతాం. కదిలించేది పట్టుకుంటే గిరీశం మొత్తం అర్థమవుతాడు. 1968లో వాల్టర్ మిషెల్ ఇదే వాదాన్ని శాస్త్రంలోకి తెచ్చాడు. లక్షణాల మార్కులను బట్టి ఒక సందర్భంలో మనిషి ఏం చేస్తాడో చెప్పడం చాలా కష్టమని, సందర్భం బలం పెద్దదని చూపించాడు. ఆ తర్వాతి పరిశోధన రెంటినీ కలిపింది. ఒకే మనిషి ఒక్క వారంలోనే ఎన్నో రకాలుగా ప్రవర్తిస్తాడు, అయినా ఆ ప్రవర్తనల సగటు అతని సొంతం.

ప్రేరణ అన్న రెండో ప్రశ్న

ప్రేరణ అనగానే అందరికీ గుర్తొచ్చేది అబ్రహం మాస్లో. 1943లో ఆయన అవసరాలకు ఒక వరస చెప్పాడు. మొదట తిండి, తర్వాత భద్రత, అనుబంధం, గౌరవం, చివరికి తనలో ఉన్నదాన్ని పూర్తిగా వెలికితీయడం. 2011లో 123 దేశాల సమాచారంతో లూయిస్ టే, ఎడ్ డీనర్ దీన్ని పరీక్షించారు. ఆ అవసరాలు అంతటా ఉన్నాయి, కానీ వరస తప్పనిసరి కాదు. కడుపు నిండనివాడికి కూడా స్నేహం, గౌరవం సుఖాన్నిస్తాయి. పొట్టకే లేనివాడికి ఆత్మగౌరవం దేనికని అనుకునేవాళ్లు దీన్ని మరోసారి చదవాలి.

హార్వర్డ్‌లో డేవిడ్ మెక్లెలాండ్ దారి వేరు. ‘మీకేం కావాలి?’ అని అడిగితే మనిషి తనకు తెలిసినదే, చెప్పదగినదే చెబుతాడు. అందుకని ఆయన ఒక బొమ్మ చూపించి కథ చెప్పమన్నాడు. ఒకడు పని బల్ల ముందు కూర్చున్నాడు, బల్ల మీద భార్యాబిడ్డల ఫొటో ఉంది. ఒకరు ఇంటికెళ్లి పిల్లలతో గడపబోయే ఆదివారం గురించి కథ అల్లుతారు. ఇంకొకరు అతను గీస్తున్న వంతెన గాలికి ఊగకుండా ఎలా నిలబెట్టాలా అని ఆలోచిస్తున్నాడంటారు. మరొకరు రేపటి సమావేశంలో పై అధికారిని ఎలా ఒప్పించాలో చూసుకుంటున్నాడంటారు. మొదటిది అనుబంధ ప్రేరణ, రెండోది సాధన ప్రేరణ, మూడోది అధికార ప్రేరణ. ఇవి అందరిలో ఉంటాయి, పాళ్లు వేరు. 1961 నాటి తన పుస్తకంలో ఆయన ఒక అడుగు ముందుకేసి, సాధన ప్రేరణ బలంగా ఉన్న సమాజాలే ఆర్థికంగా ఎదుగుతాయని వాదించాడు. అయితే ఆ ప్రేరణను పెద్దవాళ్లలో పెంచగలమా? జవాబు కోసం ఆయన తెలుగునేలకు వచ్చాడు.

కాకినాడ ప్రయోగం

1960లో ఏర్పడి, తర్వాత హైదరాబాద్‌కు తరలిన చిన్న పరిశ్రమల విస్తరణ శిక్షణ సంస్థ ‘సీయెట్’ ఈ పనికి వేదికైంది. యూసఫ్‌గూడలోని ఆ సంస్థే ఇవాళ జాతీయ సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల సంస్థగా ఉంది. 1964, 65లలో కాకినాడ నుంచి చిన్న వ్యాపారులను, చిన్న పరిశ్రమలు నడిపేవాళ్లను సుమారు యాభై మందిని బృందాలుగా హైదరాబాద్ పిలిపించి, పది రోజుల పాటు శిక్షణ ఇచ్చారు. పోల్చి చూడడానికి రాజమండ్రిని ఎంచుకున్నారు. తమిళనాడులోని వెల్లూరు నుంచి కూడా కొందరు వచ్చారు.

ఆ పది రోజుల్లో ఆడించిన ఆటల్లో ఒకటి, కర్రకు రింగులు విసరడం. ఎంత దూరంలో నిలబడాలో ఎవరిష్టం వారిది. ఒకాయన కర్ర పక్కనే నిలబడి అన్నీ వేసేస్తాడు, అందులో గొప్పేం లేదు. ఇంకొకాయన గది ఆ చివర నుంచి విసురుతాడు, పడితే అదృష్టం, పడకపోతే ఎవరూ తప్పుపట్టరు. సాధన ప్రేరణ బలంగా ఉన్నవాళ్లు కష్టపడితే పడేంత దూరం చూసుకుని నిలబడతారు. ఒకటి తప్పితే చెయ్యి సర్దుకుంటారు, పడితే ఒక అడుగు వెనక్కి వేస్తారు. ఆట అయ్యాక చర్చ. మీ కొట్టులో మీరు ఎక్కడ నిలబడుతున్నారు? అప్పు తెచ్చి తెలియని సరుకు దింపడం గది చివర నుంచి విసరడం కాదా? నాన్నగారి నాటి బేరాన్నే చేసుకుపోవడం కర్ర పక్కనే నిలబడడం కాదా? ఇలా తన నడతను తానే చూసుకున్నాక ఒక్కొక్కరూ రాబోయే రెండేళ్లకు లక్ష్యాలు రాసుకున్నారు. ఎప్పటికప్పుడు ఎంతవరకు వచ్చిందో చూసుకునే ఏర్పాటు జరిగింది. ఈ ఆరాటం మన విలువలకు తగునా అన్న ప్రశ్ననూ దాటవేయకుండా చర్చకు పెట్టారు.

ఫలితాలు మెక్లెలాండ్, డేవిడ్ వింటర్‌ల 1969 నాటి పుస్తకంలో వచ్చాయి. కొత్త వ్యాపారం పెట్టడం, ఉన్నదాన్ని బాగా పెంచడం లాంటి పనులు చేసినవారిని చురుకైనవారిగా లెక్కగట్టారు. శిక్షణకు ముందు రెండేళ్లలో వీళ్లలో అలాంటివారు 18 శాతం. తర్వాతి రెండేళ్లలో 51 శాతం. శిక్షణ పొందనివాళ్లలో 22 నుంచి 25 శాతానికే కదిలింది.

లోతుగా చూస్తే ఇందులో మూడు సంగతులున్నాయి. ఆచారాలు పాటించడం, కులం, సంప్రదాయ నమ్మకాలు ఎదుగుదలకు అడ్డు రాలేదు. కాబట్టి ‘మనవాళ్ల స్వభావమే ఇంత’ అన్న నిట్టూర్పుకు ఆధారం లేదు. రెండోది, శిక్షణ ఫలితం ప్రధానంగా కనిపించింది తమ వ్యాపారంలో నిర్ణయాలు తామే తీసుకోగలిగినవారిలో. అన్నగారో తండ్రిగారో చెప్పినట్టు నడుచుకునేవాడికి మనసులో నిప్పు రగిలినా చేతిలో పెత్తనం లేదు. మూడోది, పెరిగింది పాఠం వినడం వల్ల కాదు. లక్ష్యం రాసుకోవడం, ఫలితం చూసుకోవడం, తోటివాళ్ల అండ ఇవన్నీ కలిశాయి. ప్రయోగం చిన్నది, వచ్చినవాళ్లు ఇష్టపడి వచ్చినవారు. ఆ పరిమితిని గుర్తుపెట్టుకోవాలి. కానీ అర్ధశతాబ్దం తర్వాత ఆఫ్రికాలోని టోగోలో 1,500 మంది చిన్న వ్యాపారులతో, ఎవరికి ఏ శిక్షణో లాటరీ తీసి మరీ, ఇలాంటి పరీక్షే జరిగింది. 2017లో అచ్చయిన ఫలితాల ప్రకారం చొరవను నేర్పిన శిక్షణ లాభాలను సగటున 30 శాతం పెంచింది. జమాఖర్చులు, మార్కెటింగ్ నేర్పిన మామూలు శిక్షణ అంత మేలు చేయలేదు. కాకినాడ తెరిచిన దారి సరైనదేనని ఇది చెబుతోంది.

సీయెట్‌లోనే పనిచేసిన ఉదయ్ పారీఖ్ 1968లో ఈ సిద్ధాంతానికి పెద్ద సవరణ చేశాడు. సాధన ఒక్కటే సమాజాన్ని పైకి తేదు. తన మేలు దాటి నలుగురి మేలు కోరే విస్తరణ ప్రేరణ దానికి తోడు కావాలి. ఈ రెంటినీ ఆయన కలపలేదు, గుణించాడు. ఒకటి సున్నా అయితే మొత్తం సున్నా. అందులోంచి పరాధీనతను తీసేయగా మిగిలేదే అభివృద్ధి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారాకు ఎదురుతిరిగినప్పుడు, తర్వాత పొదుపు సంఘాలు ఊరూరా లేచినప్పుడు పనిచేసింది ఇలాంటి శక్తే. ఒంటరిగా బ్యాంకు గడప తొక్కడానికి జంకిన మనిషి పదిమందితో కలిసి మేనేజరును నిలదీసింది. ఆమె ‘రకం’ రాత్రికి రాత్రి మారిందనలేం. ఆమె చుట్టూ ఉన్న బలం మారింది.

బహుమతి పనిచేస్తుందా?

మనిషిని కదిలించడానికి డబ్బు చాలునన్నది మరో నమ్మకం. 1973లో మార్క్ లెపర్ బృందం బొమ్మలు వేయడమంటే ఇష్టపడే చిన్నపిల్లలను తీసుకుంది. కొందరికి ‘బొమ్మ వేస్తే రిబ్బను కట్టిన సర్టిఫికెట్ ఇస్తాం’ అని ముందే చెప్పి, ఇచ్చింది. కొన్ని రోజుల తర్వాత ఆ పిల్లలు తమంతట తాము బొమ్మలు వేసే సమయం తక్కినవాళ్లతో పోలిస్తే సగానికి పడిపోయింది. ఎడ్వర్డ్ డెసి, రిచర్డ్ రయాన్ ఈ దారిలో సాగి, మనిషికి లోపలి నుంచి ఉత్సాహం రావాలంటే మూడు కావాలన్నారు. తన పని తన చేతిలో ఉండాలి, తనకు చేతనవుతోందని తెలియాలి, తనవాళ్లనిపించే మనుషులుండాలి.

దీన్ని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో జరిగిన ప్రయోగం పక్కన పెట్టి చూడాలి. 2005లో కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషన్ తోడుతో గ్రామీణ ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో దాన్ని మొదలుపెట్టారు. అందులో అప్పటి విశాఖపట్నం జిల్లా కూడా ఉంది, మాకవరపాలెం ఆనాడు ఆ జిల్లాలోదే. పిల్లల సగటు మార్కులు పెరిగిన ప్రతి ఒక్క శాతానికి టీచరుకు 500 రూపాయలు. సగటు బోనస్ ఏడాది జీతంలో 3 శాతమే. రెండేళ్లకు బోనస్ ఉన్న బడుల పిల్లలు లెక్కల్లో, భాషలో స్పష్టంగా ముందున్నారు. బోనస్‌తో సంబంధం లేని సైన్సు, సోషల్‌లోనూ మెరుగయ్యారు. టీచర్ల గైర్హాజరు మాత్రం తగ్గలేదు! మారింది బడికి వచ్చిన రోజున చేసే పని. అదనపు తరగతులు, హోంవర్కు, నమూనా పరీక్షలు, వెనకబడిన పిల్లల మీద శ్రద్ధ.

అమెరికా పిల్లల బొమ్మలకు, మన టీచర్ల బోనసుకు మధ్య వైరుధ్యం ఉన్నట్టు కనిపిస్తుంది. నిజానికి లేదు. ఆ పిల్లలకు పనిలో ఆనందం ముందే ఉంది, బహుమతి వచ్చి దాన్ని బేరంగా మార్చింది. మన ప్రాథమిక పాఠశాల టీచరుకు మాత్రం బాగా చెప్పినా చెప్పకపోయినా తేడా చూపించే ఏర్పాటే లేదు. 3 శాతం డబ్బు కంటే ‘నీ పని లెక్కలోకి వస్తోంది’ అన్న కబురే ఎక్కువ బలమైనదని నా అభిప్రాయం. మంచి బహుమతి మనిషిని కొనదు, అతని పనిని గుర్తిస్తుంది.

ఆ గుర్తింపు ఎంత దగ్గర నుంచి వస్తే అంత బలం. వరాహ నది ఒడ్డున ఏటికొప్పాకలో లక్క బొమ్మలు చేసే కళాకారుడిని చూడండి. తిరిగే అంకుడు కర్రకు రంగు కలిపిన లక్కను అదిమిపెడితే, రాపిడి వేడికి లక్క కరిగి పొరలా పరుచుకుంటుంది. చెయ్యి సరిగా పడిందో లేదో ఆ క్షణానే కళ్ల ముందు మెరుస్తుంది. ఎవరూ మెచ్చుకోనక్కర్లేదు, పనే జవాబిస్తుంది. ఈ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు రావడం, ప్రకృతి సిద్ధమైన రంగులకు మళ్లీ ప్రాణం పోసిన సి.వి.రాజుకు 2023లో పద్మశ్రీ రావడం ఆ చేతి శ్రద్ధకు బయటి లోకం ఇచ్చిన విలువ. లోపలి ఆనందం, బయటి గౌరవం ఒకదాన్నొకటి చంపుకోనక్కర్లేదనడానికి ఇదే సాక్ష్యం.

చేతికి అందే అవకాశం

ఒకే మనిషి, ఒకే స్వభావం. చేతిలో ఉన్నదాన్ని బట్టి బుర్ర పనిచేసే తీరే మారుతుందా? 2013లో అచ్చయిన ఒక అధ్యయనంలో తమిళనాడు చెరకు రైతులు 464 మందిని కోతకు ముందు, కోత డబ్బు అందాక పరీక్షించారు. అదే రైతు, డబ్బుకు కటకటగా ఉన్న నెలల్లో ఆలోచన పరీక్షల్లో వెనకబడ్డాడు, చేతిలో డబ్బు పడ్డాక మెరుగయ్యాడు. ఈ తేడా ఎంతన్నదాని మీద తర్వాత వాదోపవాదాలు నడిచాయి. కానీ ఫ్యాక్టరీ బిల్లు కోసమో, అనకాపల్లి బెల్లం మార్కెట్ ధర కోసమో ఎదురుచూసే మన చెరకు రైతుకు ఇది కొత్త కబురేం కాదు. అప్పుల ఒత్తిడిలో ఉన్నవాడిని ‘ముందుచూపు లేని రకం’ అనడం ఎంత అన్యాయమో ఆలోచించాలి.

మాకవరపాలెం మండలం రాచపల్లి దగ్గర కట్టిన అల్యూమినా శుద్ధి కర్మాగారాన్నీ ఇదే చూపుతో చూడాలి. బాక్సైట్ సరఫరా కుదరక అది ఏళ్ల తరబడి నడవలేదు. బాక్సైట్ తవ్వకాన్ని మన్యం ప్రజలు ఎందుకు వద్దన్నారో అర్థం చేసుకోవచ్చు, వారి భూమి, నీరు, బతుకు దానితో ముడిపడి ఉన్నాయి. ఇక్కడ చెప్పదలచినది వేరే. ఊళ్లో పని దొరుకుతుందని ఐటీఐ చదివిన కుర్రాడికి పని దొరక్కపోతే, నాలుగేళ్లకు ‘వీడికి చురుకు లేదు’ అంటాం. కాకినాడలో పెత్తనం చేతిలో లేని వ్యాపారి కథే మరో రూపంలో ఇది.

ఈ జ్ఞానంతో ఏం చేయాలి?

తెలుగులో వ్యక్తిత్వ వికాస సాహిత్యానికి పెద్ద పాఠకలోకం ఉంది. యండమూరి ‘విజయానికి ఐదు మెట్లు’, బి.వి.పట్టాభిరామ్ ప్రసంగాలు, పుస్తకాలు లక్షల మందిని చేరాయి. తన మీద తాను పని చేసుకోవచ్చన్న నమ్మకాన్ని చిన్న ఊళ్ల పిల్లలకు ఇచ్చాయి. అది చిన్న మేలు కాదు. దానికి ఇప్పుడు రెండో సగం కలపాలి. మనిషి ఒక్కడే మారితే చాలదు, అతని చుట్టూ ఉన్నవాళ్లూ కొన్ని మార్చాలి.

విద్యార్థులకు చెప్పదలచింది ఇది. రకాల పరీక్ష రాయండి, మీ గురించి ఆలోచించడానికి, తోటివారితో మాట్లాడడానికి అది పనికొస్తుంది. దాన్ని తీర్పుగా తీసుకోవద్దు. ‘నేను అంతర్ముఖుడిని, ఇంటర్వ్యూలు నావల్ల కాదు’ అనుకున్న రోజు ఆ నాలుగక్షరాలు మీకు సంకెళ్లవుతాయి. నేను ఏ రకం అని కాకుండా, ఏ పనిలో పొద్దు తెలియడం లేదు, ఎవరి మధ్య ఉంటే నా మాట పెగులుతోంది, ఏం పోతుందని భయపడుతున్నాను అని అడగండి. లక్ష్యాన్ని కష్టపడితే అందేంత దూరంలో పెట్టుకుని, ఎంతవరకు వచ్చారో రాసుకోండి.

తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు ముద్ర వేసే ముందు ఒకటి చూడాలి. ఆ పిల్లకు నిర్ణయించుకునే స్వేచ్ఛ ఎంత ఇచ్చాం? చేసిన పని బాగుందని ఎప్పుడు చెప్పాం? తప్పు చేసినా తనవాళ్లుంటారన్న ధీమా ఇచ్చామా? ‘మెతకవాడు’ అనుకున్న అబ్బాయికి కొట్టులో ఒక సరుకు పూర్తిగా అప్పగించి, ఆర్నెల్లు లాభనష్టాలు అతన్నే చూసుకోనివ్వండి. అప్పుడు వచ్చే జవాబు ఏ ప్రశ్నపత్రం ఇచ్చేదానికన్నా నమ్మదగింది.

ఉద్యోగాలిచ్చేవాళ్లు రకాల పరీక్షలతో వడగట్టడం మానాలి. చేయాల్సిన పనిలో ఒక ముక్కను చేయించి చూడడం న్యాయం. ప్రభుత్వ నైపుణ్య శిక్షణలో జమాఖర్చులు, కంప్యూటరుతోపాటు చొరవను నేర్పే పాఠం ఉండాలి. కాకినాడ వ్యాపారులకు ఆరు దశాబ్దాల కిందట అందింది మాకవరపాలెం పొదుపు సంఘానికి, ఐటీఐ కుర్రాడికి, ఇంజినీరింగ్ పట్టభద్రురాలికి ఇవాళ అందకపోవడానికి కారణం లేదు. దానితోపాటు పెట్టుబడి, పని, నిర్ణయాధికారం కూడా అందాలి. అవి లేకుండా ప్రేరణ ఒక్కటే నూరిపోయడం మనిషి మీద నేరం మోపడమే అవుతుంది.

స్వభావం తెలుసుకోవడం మంచిదే, దానితో పని మొదలవుతుంది. ఏ పిల్లవాడి గురించైనా ‘వీడింతే’ అని తేల్చేముందు, వాడికి మనం ఇవ్వగలిగింది ఇచ్చి చూశామా అని అడగడం పెద్దల బాధ్యత. కాకినాడలో ఇచ్చి చూశారు, మన బడుల్లో ఇచ్చి చూశారు. రెండుచోట్లా మనుషులు అందరూ అనుకున్నదానికంటే ముందుకు కదిలారు.